నా మీద కూర్చున్న ఆరోగ్యవంతులు

నేను ఒక చక్రాల కుర్చీని. అయ్యో పాపం అనకండి. నా ఉద్యోగం ఎయిర్‌పోర్టులో, అదీ ఏసీలో.

పుట్టింది మాత్రం ఎండకి కాలిపోయే రేకుల షెడ్డులో. ఇనుప గొట్టాలు వంచి, అతుకులు వేసి, నల్ల రెక్సిను తొడిగి నన్ను ఒక నర్సింగ్‌హోముకి పంపారు. అక్కడ నా మీద కూర్చున్నవాళ్ళు నిజంగానే నడవలేనివాళ్ళు. నా మీద కూర్చోవాలంటే వాళ్ళకి సిగ్గు. ఆ నర్సింగ్‌హోము మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను. ఇక్కడ నా మీద కూర్చోవడం హోదా.

ఎందుకంటే నా మీద కూర్చున్నవాళ్ళకి క్యూ ఉండదు. ఈ సంగతి నలుగురికీ తెలిసినప్పటి నుంచి జనానికి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. టికెట్టు కొనేటప్పుడు మొదలైన నొప్పి, సెక్యూరిటీ దాటి సెంటు సీసాల కొట్టు కనబడగానే మాయమవుతుంది. ఏ డాక్టరూ చేయలేని వైద్యం అది. నన్ను తోసే కనకయ్య అప్పుడు పైకి చూసి దండం పెడతాడు. "లేసిండ్రా అమ్మా? అంతా దేవుని దయ."

ఒకరోజు సీతామహాలక్ష్మిగారు నా మీదకి ఎక్కారు. భర్త కామేశ్వరరావుగారితో సింగపూరు చూడటానికి వెళుతున్నారు. టాక్సీ నుంచి చెంగున దూకి, నన్ను చూడగానే కుంటడం మొదలుపెట్టారు. మొదట కుంటింది కుడికాలు. లోపలికి వచ్చేసరికి అది ఎడమకాలు అయింది.

"ఏ కాలో ఒకటి ఖాయం చేసుకోవే," అన్నారు భర్త, చెవిలో.

"మీరు సంచులు చూసుకోండి."

సెక్యూరిటీ దగ్గర మా పక్క వరసలో లింబాద్రి అనే మనిషి నిలబడి ఉన్నాడు. ఎడారి దేశంలో పనికి వెళుతున్నాడు. అంత చల్లని హాల్లో అతని చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎడమచెయ్యి పదేపదే నలుపుకుంటున్నాడు.

"తమ్మీ, గీ ఏసీల గంత చెమటలేంది?" అన్నాడు కనకయ్య.

"గ్యాసన్నా. పొద్దుగాల మిర్చిబజ్జీలు తిన్న."

"డాక్టరమ్మను పిలుస్త. పక్కనే ఉంటది."

"వద్దన్నా, నీ కాళ్ళు మొక్త! బీమారోడని తెలిస్తే ఇమానం ఎక్కనియ్యరు. వీసా గడువు అయిపోతది. మల్ల నన్నెవడు పిలుస్తడు?"

అలా అని, నవ్వడానికి ప్రయత్నించాడు. నాకు భలే తమాషాగా అనిపించింది. గట్టిగా ఉన్న మనిషి రోగిలా కూర్చుంది. రోగి గట్టిగా ఉన్నట్టు నిలబడ్డాడు. ఇద్దరూ బాగానే నటిస్తున్నారు.

కనకయ్య రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి చూశాడు. అప్పటికే లింబాద్రి గోడకి చేరబడి, అలాగే కిందకి జారి కూర్చుండిపోయాడు.

ఇక మన జనం సాయం మొదలైంది. ఒకాయన తాళాల గుత్తి తీసి అతని గుప్పిట్లో కుక్కాడు, ఫిట్స్ అట. ఒకావిడ సోడా తాగించమంది. ఇంకొకాయన, "గాలి ఆడనివ్వండి!" అని అరుస్తూ అందరికన్నా దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. ఒక కుర్రవాడు ఫోనుతో వీడియో తీస్తున్నాడు. డాక్టరుని పిలుద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

"లెవ్వండమ్మా! కుర్చీ గావాలె!" అన్నాడు కనకయ్య.

సీతామహాలక్ష్మిగారు లింబాద్రి ముఖం ఒక్కసారి చూశారు. అంతే, నా మీద నుంచి లేచిన వేగానికి నేను వెనక్కి దొర్లాను. లింబాద్రిని కనకయ్యతో కలిసి ఎత్తి కూర్చోబెట్టింది ఆవిడే. నా పిడి ఒకవైపు కనకయ్య, ఇంకోవైపు ఆవిడ.

"తప్పుకోండి! ఆ సోడా మీరే తాగండి! జరగవయ్యా వీడియో!"

"మెల్లగా వెళ్ళవే, నీ మోకాళ్ళు!" భర్త వెనక నుంచి కేకేశారు.

"మోకాళ్ళకేం? రాళ్ళలా ఉన్నాయి!"

క్యూ మొత్తం విన్నది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎగదోపి ఆవిడ పరుగెత్తిన తీరు చూసి, నా ముందు చక్రాలకే ఆయాసం వచ్చింది.

మెడికల్ గదిలో డాక్టరు లింబాద్రి చేత ఒక మాత్ర నమిలించి, ఛాతీకి వైర్లు తగిలించింది. కాగితం మీద గీతలు చూసి వెంటనే అంబులెన్సుకి చెప్పింది. గుండెపోటు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదట.

"మేడం, నా ఇమానం?" అన్నాడు లింబాద్రి, ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి.

"గాల్లో ఉండగా ఇది వస్తే ఎవరిని పిలిచేవాడివయ్యా? ముందు మాస్కు పెట్టుకో."

అతన్ని అంబులెన్సు ఎక్కించాక కనకయ్య నన్ను తెచ్చి సీతామహాలక్ష్మిగారి ముందు ఆపాడు. "కూసోండ్రి అమ్మా." ముఖంలో నవ్వు లేదు గానీ మీసంలో ఉంది. ఆవిడ చుట్టూ చూశారు. క్యూ అంతా ఆవిడ కాళ్ళనే చూస్తోంది. గొంతు సవరించుకుని నడక మొదలుపెట్టారు. సంచులన్నీ మోస్తూ పరుగెత్తి వచ్చిన కామేశ్వరరావుగారు మాత్రం నా మీద కూలబడ్డారు. ఆ పూట నిజంగా అవసరమై నా మీద కూర్చున్నవాళ్ళు లింబాద్రి, ఈయన; ఇద్దరూ కుర్చీ అక్కరలేదన్నట్టు వచ్చినవాళ్ళే.

ఇప్పుడు నా కాలిపలక విరిగింది. రేపో మాపో పాత సామాన్ల గదికి పోతాను. ఈమధ్య లింబాద్రి మళ్ళీ వచ్చాడు. చిక్కిపోయాడు. ఎవరో మళ్ళీ పని ఇచ్చారట, ప్రయాణానికి డాక్టరు సరేనన్నాడట. కనకయ్య పరుగున నన్ను తెచ్చాడు.

"కూసో తమ్మీ. నీకు కాకుంటే ఎవలకు?"

"వద్దన్నా. ఎవలన్న జూస్తే బీమారోడనుకుంటరు."

అని తన సంచి నా మీద పెట్టి, వెనక నుంచి పిడి పట్టుకుని తనే తోసుకుంటూ వెళ్ళి క్యూలో చివర నిలబడ్డాడు. మా ముందు నుంచి, నాలాంటి కుర్చీల మీద ముగ్గురు ఆరోగ్యవంతులు హాయిగా సాగిపోయారు.