చేజారిన కేసు

పశువైద్యుల సంఘం జిల్లా శాఖకు హరినాథ్ కార్యదర్శిగా ఎన్నికై ఆరేళ్లు దాటింది. ఎన్నిక అనేది మర్యాదకు వాడే మాట. ఆ పదవి ఇంకెవరికీ అక్కర్లేదు గనుక రెండేళ్లకోసారి దండ ఆయన మెడలోనే పడుతుంది. సభ పెట్టడమంటే మాటలా? హాలు మాట్లాడాలి, మందుల కంపెనీవాళ్లను బతిమాలాలి, ముఖ్య అతిథి వస్తానని చెప్పి రాకపోతే నలుగురి ముందు ముఖం చెల్లక చావాలి. హరినాథ్‌కు ఇవన్నీ వెన్నతో పెట్టిన విద్య. ఆయన పెట్టిన సభలో మైకు కీచుమన్నదని గానీ, వడ్డనలో పెరుగు చాలలేదని గానీ ఎవరూ అనలేదు.

అయినా ఆ సభల్లో జీవం ఉండేది కాదు. వచ్చినవాళ్లు సంతకం పెట్టి వెనక వరుసల్లో చేరి ఫోన్లు చూసుకునేవాళ్లు. ముందు తెర మీద బొమ్మలు మారుతుంటే, వెనక వంటగది నుంచి వచ్చే వాసనను బట్టి ఉపన్యాసం ఇంకెంతసేపో అంచనా వేసేవాళ్లు. పోయిన ఏడు శాలువా కప్పించుకున్నవాళ్లే ఈ ఏడు ఇంకొకరికి కప్పేవాళ్లు. ఆ సభల వల్ల ఒక్క ఆవుకైనా మేలు జరిగిందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు.

ఒకసారి భోజనాల దగ్గర జాహ్నవి అనే కొత్త డాక్టరు ఆయన్ను పట్టుకుంది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, ఏర్పేడు అవతలి పల్లెల్లో తిరుగుతుంటుంది.

“సార్, ఆ తెర మీద సూపించేదంతా నేను ఫోన్లో సదువుకుంటాను. నా సేతిలో ఒక పశువు చచ్చిపోతే ఆ ఇంటోళ్ల ముందర ఎట్లా నిలబడాలో ఎవురూ సెప్పరే?” అని అడిగింది.

ఆ మాట హరినాథ్‌కు సూటిగా తగిలింది. ఎక్కడ తగిలిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి కొత్త కార్యక్రమం ఒకటి మొదలుపెట్టి, దానికి ‘చేజారిన కేసు’ అని పేరు పెట్టాడు. నెలకొకసారి, రెండో శనివారం సాయంత్రం, బైరాగిపట్టెడలో ఒక కల్యాణమండపం పక్కనున్న చిన్న గదిలో. వేదిక లేదు, మైకు లేదు, శాలువా లేదు, ఫొటోలు లేవు. కుర్చీలు గుండ్రంగా వేసుకోవాలి. ఒకరు తమ తప్పు వల్ల పోగొట్టుకున్న కేసు చెప్పాలి. మిగతావాళ్లు వినాలి. ఎవరూ ఎవరినీ తప్పు పట్టకూడదు. చివర్లో టీ, మసాలా వడ.

మొదటి నెల పదకొండుమంది వచ్చారు. ఎవరూ నోరు తెరవలేదు. తప్పు చెప్పుకోవడమంటే, అందులోనూ తోటి డాక్టర్ల ముందు, పులి నోట్లో తల పెట్టినట్టే. చివరికి, రిటైరై పదేళ్లయిన ఏకాంబరం గారు గొంతు సవరించుకున్నారు. ముప్పై అయిదేళ్ల కిందట సత్యవేడు దగ్గర గోవిందస్వామి అనే రైతు ఆవు మేత మింగలేకపోతోందని పిలిస్తే, గొంతులో ఏదో ఇరుక్కుందనుకుని ఆవు నోట్లో చెయ్యి పెట్టి వెతికారట. దవడలు పట్టుకుని నిలబడింది ఆ రైతే. రెండు రోజులకు ఆవు పిచ్చెత్తి చచ్చింది. పిచ్చికుక్క కరిచిన ఆవు అది. ఏకాంబరం గారు ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తి సూదులు వేయించుకున్నారు. తనకు జబ్బు తెలియలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, రైతుకు మాత్రం నాలుగు రోజుల తర్వాత చెప్పారు.

“ఆయనా సూదులేయించుకున్యాడు, ఏం కాలేదప్పా. అయినా సంవత్సరం పాటు నెలకొకసారి ఆ ఊరికి పోయేవాణ్ణి, మనిషి ఉండాడో లేదో సూసేదానికి. నేను మజ్జిగ కోసరం వస్తాననుకునేవాడు పాపం” అన్నారు ఏకాంబరం గారు.

గదిలో ఎవరూ ఫోను ముట్టుకోలేదు. ఆరేళ్లలో హరినాథ్ తన సభల్లో అది ఎన్నడూ చూడలేదు.

రెండో నెల ఇరవైమంది, మూడో నెల నలభైమంది వచ్చారు. చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చి మళ్లీ బస్సెక్కి పోయేవాళ్లు కూడా ఉన్నారు. మాట్లాడేవాడికి గొంతు పూడుకుపోతే ఎప్పుడు నీళ్ల గ్లాసు అందించాలో, ఎప్పుడు ఊరకుండాలో హరినాథ్‌కు బాగా తెలుసు. ఎంత మొండిఘటమైనా ఆయన పక్కన కూర్చుంటే మనసు విప్పాల్సిందే. ఇంతమంది చేత చెప్పించిన మనిషి తనది మాత్రం చెప్పలేదు. నిర్వాహకుడు కదా, ఆయన వంతు ఎవరూ అడగలేదు. ఆయనా ఆ కుర్చీ చాటునే కాలం గడుపుతూ వచ్చాడు.

ఆరో నెల జాహ్నవి వంతు వచ్చింది. తనది చచ్చిన పశువు కేసు కాదంది. తను తిరిగే పల్లెలో వరదమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. కొడుకు లోకేష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కోడలు రూపశ్రీ. మూడేళ్ల కిందట వాళ్ల జెర్సీ ఆవు ఈనిన మర్నాడు చచ్చిపోయింది. ముందు రాత్రి కోడలు పెట్టిన అన్నం వల్లే చచ్చిందని అప్పుడు వచ్చిన డాక్టరు చెప్పాడట. రోజూ వచ్చే డాక్టరు సెలవులో ఉంటే బదులుగా వచ్చిన ఎవరో ఆయన. అప్పటినుంచి ఆ పిల్లను అత్త కొట్టంలోకి అడుగు పెట్టనివ్వదు. ఊళ్లో ఎవరి ఆవు ఈనినా ఆ దరిదాపులకు రానివ్వరు. పాలు పోసే దగ్గర ఆడవాళ్లు ఆ పిల్లకు పెట్టిన పేరు జాహ్నవి పైకి చెప్పలేకపోయింది.

“మెడ పక్కకు తిప్పుకుని పడుకున్యాదంట, సెవులు సల్లగా ఉన్నెంట. అది పాలజ్వరం సార్, అన్నం కేసు కాదు. ఎవురో తప్పు సెప్పినారు. నేను ఎంత సెప్పినా ఆమె ఇనదు. పెద్ద డాక్టరు సెప్పినాడు, నువ్వు నిన్నా మొన్నా వచ్చినదానివి అంటాది. ఆ పిల్లకు ఏం సేయాలో మీరే సెప్పండి.”

గుమ్మడికాయల దొంగ అనకుండానే హరినాథ్ చెయ్యి భుజం మీదికి పోయింది. ఒకరిద్దరు ఏవో సలహాలు ఇచ్చారు. ఆయన అలవాటు ప్రకారం అందరికీ ధన్యవాదాలు చెప్పి సభ ముగించాడు. వడలు చల్లారకముందే తినమని కూడా చెప్పాడు. ఆ మాటలు తన నోటి నుంచే వస్తుంటే ఆయనకు తన మీద అసహ్యం వేసింది.

ఆ ‘ఎవరో’ ఆయనే. ఆ రోజు తిరుపతిలో సంఘం వార్షిక సభ. ముఖ్య అతిథి విమానం పదకొండింటికి రేణిగుంటలో దిగుతుంది. తొమ్మిదిన్నరకు వరదమ్మ ఇంటి నుంచి ఫోను వచ్చింది. సెలవులో ఉన్న డాక్టరు పల్లెలు ఆ వారం చూడాల్సింది హరినాథే. విమానాశ్రయానికి దగ్గరే కదా అని బండి తిప్పాడు. ఆవును చూడగానే పాలజ్వరమని తెలిసింది. సీసాడు కాల్షియం నరానికి ఎక్కిస్తే గంటలో లేచి నిలబడే జబ్బు అది. కానీ మెల్లగా ఎక్కించాలి, గుండె చప్పుడు వింటూ ఎక్కించాలి, అరగంటయినా ఓపిక పట్టాలి, తొందరపడితే గుండె ఆగిపోతుంది. ఆ సంగతి కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. సీసా సగంలో ఉండగా ఫోను మోగింది, పూలదండలు రాలేదని. మళ్లీ మోగింది, అతిథికి పంపిన కారు దారిలో ఆగిపోయిందని. హరినాథ్ సీసాను పైకెత్తి పట్టి, ధారను పూర్తిగా వదిలేశాడు. అయిదు నిమిషాల్లో సీసా ఖాళీ అయింది. ఆవు ఒక్కసారి నిలువెల్లా వణికి, కాళ్లు చాచేసింది.

ముందు రోజు పుట్టిన దూడ పక్కన నిలబడి ఉంది. వరదమ్మ ఆవు తలను ఒళ్లోకి తీసుకుని ఏమైంది సామీ అని అడిగింది. రాత్రి ఏం పెట్టారని హరినాథ్ అడిగాడు. కుడితిలో మిగిలిన అన్నం కలిపానని కోడలు చెప్పింది. అంతే, దారి దొరికింది. అన్నం పులిసి కడుపులో విషమైందని ఆయన చెప్పాడు. పదకొండింటికి విమానాశ్రయంలో చేతిలో పూలగుత్తితో నవ్వుతూ నిలబడ్డాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఈయన తన పిడికెడు కూడా తీసుకోకుండా మొత్తం మూటకట్టి ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టి వచ్చాడు. ఆ అమ్మాయి ఆ మూటను మూడేళ్లుగా మోస్తున్న సంగతి ఈ రోజు దాకా ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని ఆయన ప్రయత్నించనూ లేదు.

తన వంతు వచ్చే నెల గదిలో చెప్పుకుందామా అని ముందు అనుకున్నాడు. అది సులువు. నీళ్ల గ్లాసు అందించేవాళ్లుంటారు, భుజం తట్టేవాళ్లుంటారు. కానీ పోయింది ఆ గదిలో వాళ్ల ఆవు కాదు, మాట పడింది వాళ్ల ఇంటి పిల్లా కాదు. మర్నాడు ఆదివారం పొద్దున్నే పల్లెకు బయలుదేరాడు.

వరదమ్మ కొట్టం ముందు కూర్చుని గడ్డి కోస్తోంది. ఆయన్ను చూసి గుర్తుపట్టి, మంచం వాల్చింది. హరినాథ్ కూర్చోలేదు. సీసా సంగతి, తొందర సంగతి, అన్నం మీదికి నెట్టేసిన సంగతి ఆగకుండా చెప్పేశాడు. ఇంటి గడప దగ్గర రూపశ్రీ వచ్చి నిలబడింది. ఆమె మొహం వైపు చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

వరదమ్మ కొడవలి పక్కన పెట్టింది.

“అంత తొందరేముండె సామీ ఆ పొద్దు?”

“మీటింగు ఉండె.”

“ఏం మీటింగు?”

ఆ వార్షిక సభకు పెద్ద బ్యానరు రాయించింది హరినాథే. “ఈనిన ఆవుల్ని ఎట్లా కాపాడుకోవాలనీ” అన్నాడు.

వరదమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు బాగుండేది. “మీటింగు బాగా జరిగినాదా?” అని మాత్రం అడిగింది.

“బాగా జరిగింది” అన్నాడు హరినాథ్. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె తల తిప్పుకుంది.

రూపశ్రీ గడప దిగి వచ్చింది. పాతికేళ్లకు మించవు, కానీ మనిషిలో ఎక్కడా తొందర లేదు.

“ఇంట్లో సెప్పినారు, సరే. నాకు పేరు పడింది ఇంట్లో కాదు సార్. మాపటేల పాలు పోసే కాడ సెప్పండి. ఊరంతా ఆడికొస్తాది.”

సాయంత్రం దాకా హరినాథ్ ఊరి బయట చింతచెట్టు కింద బండిలో కూర్చున్నాడు. ఇంటి నుంచి రెండుసార్లు ఫోను వచ్చినా తీయలేదు. అయిదింటికి పాలకేంద్రం ముందు జనం చేరారు. క్యాన్లు, చెంబులు, సైకిళ్ల హ్యాండిళ్లకు వేలాడే బిందెలు. మంత్రులను వేదిక మీదికి ఆహ్వానించిన నోరు అది, ముప్పైమంది రైతుల ముందు మొదటి మాట కోసం తడుముకుంది. పాలు కొలిచే మనిషిని ఒక్క నిమిషం ఆగమన్నాడు. తన పేరు చెప్పాడు, ఉద్యోగం చెప్పాడు. వరదమ్మ ఆవును చంపింది అన్నం కాదని, తనేనని, మందు తొందరగా ఎక్కించి చంపానని, తప్పు కప్పిపుచ్చుకోవడానికి అబద్ధం చెప్పానని అన్నాడు. రూపశ్రీ వల్ల ఏ తప్పూ జరగలేదన్నాడు. ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

వెనక ఒక ముసలాయన తుపుక్కున ఉమ్మేశాడు. ఆడవాళ్లలో ఇద్దరు తల వంచుకుని చెంబులు సర్దుకున్నారు. హరినాథ్ చేతులు జోడించి వెళ్లబోయాడు.

“ఒక మాట వదిలేసినారు సార్” అంది రూపశ్రీ.

అందరూ అటు తిరిగారు. ఆమె అత్త పక్కన, పాలక్యానుకు ఇవతల నిలబడి ఉంది.

“ఆ పొద్దు మీరు అడిగినప్పుడు, గిన్నెడే పెట్టినానని సెప్పినాను. సేత్తో కొలత కూడా సూపించినాను. గిన్నెడు అన్నానికి ఆవు సస్తాదా సార్?”

“చావదు.”

“ఆ సంగతి అప్పుడు మీకు తెలుసునా?”

పొద్దున వరదమ్మకు గానీ, ఇప్పుడు ఊరందరికీ గానీ ఆయన చెప్పకుండా దాచుకున్నది ఆ గిన్నెడు మాట ఒక్కటే. తనలో తాను అనుకునేటప్పుడు కూడా దాని పక్క నుంచి తప్పుకుని పోయేవాడు.

“తెలుసమ్మా” అన్నాడు హరినాథ్.

వరదమ్మ క్యాను కింద పెట్టి, ఊరందరి ముందూ కోడలి చెయ్యి పట్టుకుంది. “గిన్నెడేనని నువ్వు నాకూ సెప్పినావు గదమ్మీ” అంది. రూపశ్రీ చెయ్యి విడిపించుకోలేదు గానీ, అత్త మొహం వైపు మాత్రం చూడలేదు.