సాక్షి కర్పూరం

నవంబరు మూడో ఆదివారం ఉదయం ఏడు గంటలకు సాంబయ్య తన మిరప చేను గట్టు మీదుగా నడిచి వెళ్లాడు. అప్పటికి గట్టు బాగానే ఉంది. పదకొండు గంటలకు అతని కూలి మనిషి వెళ్లి చూసేసరికి గట్టుకు రెండడుగుల గండి ఉంది. పై చేలో నీళ్లు మిరపలోకి దిగుతున్నాయి. గండి పక్కన మట్టిపెళ్లల మీద పార గుర్తులు కనిపించాయి. గండి పూడ్చినా సాయంత్రానికి అరెకరంలో నీళ్లు మడమ లోతున నిలిచాయి. గురువారానికి మొక్కలు వాలిపోయాయి. మిరప వేళ్ల దగ్గర ఒక రోజు నీళ్లు నిలిస్తే చాలు, మొక్క మళ్లీ లేవదు.

పై చేను కూడా సాంబయ్య వాళ్లదే. రెండెకరాలు. తొమ్మిదేళ్లుగా దాన్ని రత్నబాబు కౌలుకు చేస్తున్నాడు. ఈసారి మొక్కజొన్న వేశాడు. శనివారం కాలువ నీటి వంతు అతనిది. చేలో నీళ్లు ఎక్కువై, తన పైరు కాపాడుకోవడానికి గట్టు కొట్టాడని సాంబయ్య అన్నాడు. ఆ మాటకు బలం ఇచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఆదివారం రత్నబాబు చర్చికి రాలేదు. అతను ఆరాధన మానేయడం ఊళ్లో ఎవరూ ఎరగరు.

శుక్రవారం సాంబయ్య అతన్ని పిలిపించాడు.

"మొక్కజొన్న కోసుకో. ఆ తర్వాత నా చేలో అడుగు పెట్టమాక."

రత్నబాబుకు సొంత భూమి లేదు. చిల్లకల్లు చుట్టుపక్కల ఇప్పుడు కౌలుకు చేను దొరకడమే కష్టం. గట్టు కొట్టినవాడన్న పేరు వస్తే అసలు దొరకదు.

ఆ ఉదయం అతను ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. పేరు వీరేంద్ర. జగ్గయ్యపేట హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. సాంబయ్య భార్య రత్తమ్మకు అతను సొంత తమ్ముడు. ఆదివారం ఏడుంబావుకు రత్నబాబు బైబిలు పట్టుకుని చర్చికి వెళ్తుంటే వీరేంద్ర తన వాకిట్లో పడిపోయి కనిపించాడు. షుగర్ పడిపోయింది. రత్నబాబు పంచదార నీళ్లు తాగించాడు. మంచం మీదికి చేర్చి పక్కన కూర్చున్నాడు. పది గంటలకు ఉప్మా చేసి పెట్టాడు. పదకొండు దాటాక వెళ్లాడు. ఆ నాలుగు గంటల్లో ఆ ఇంటికి ఇంకెవరూ రాలేదు. మామూలు రోజుల్లో కూడా ఆ ఇంటికి వచ్చేవాళ్లు తక్కువ.

వీరేంద్రకు దేవుడి మీద నమ్మకం లేదు. దాని గురించి అతను ఎవరితోనూ వాదించడు. అడిగితే లేదంటాడు. ఊళ్లోవాళ్లు పిల్లల్ని అతని దగ్గరకు ట్యూషన్‌కు పంపుతారు. ఊరెళ్లేటప్పుడు ఇంటి తాళం మాత్రం అతనికి ఇవ్వరు.

పద్దెనిమిదేళ్ల కిందట రత్తమ్మ నందిగామ కోర్టులో పెద్దన్న మీద దావా వేసింది. తండ్రి బతికుండగా నోటిమాటగా జరిగిన పంపకంలో రెండెకరాలు ఆమె వాటాకు వచ్చాయా లేదా అన్నది తగవు. పంపకం జరిగినప్పుడు అక్కడున్నవాడు వీరేంద్ర. బోనులో గుమస్తా దేవుడి ఎదుట ప్రమాణం చేయించబోతే, దేవుడి పేరు లేకుండా చెప్తానన్నాడు. చట్టంలో ఆ వీలుంది. జడ్జి సరేనన్నాడు. రెండెకరాలు అక్కకు ఇచ్చారని వీరేంద్ర చెప్పాడు. అన్న ఓడిపోయాడు. చనిపోయేదాకా తమ్ముడితో మాట్లాడలేదు. రత్నబాబు కౌలుకు చేస్తున్నది ఆ రెండెకరాలే.

వీరేంద్ర నిజం చెప్పాడని అప్పుడు ఊళ్లో ఎవరూ అనలేదు. "తోడబుట్టినవాడి మీద చెప్పాడు. దైవభయం ఉన్నవాడెవడన్నా అట్టా చెప్తాడా?" అన్నారు. సాంబయ్య కూడా ఆ మాటే అన్నాడు, భూమి చేతికొచ్చాక.

శనివారం పొద్దున నీటి సంఘం ఆఫీసు వరండాలో అందరూ కూర్చున్నారు. సంఘం ప్రెసిడెంటు బుల్లిబాబు తగవు వింటున్నాడు.

"రత్నబాబు నా దగ్గరే ఉన్నాడు," అన్నాడు వీరేంద్ర. "ఏడుంబావు నుంచి పదకొండు దాటేదాకా. షుగర్ మిషన్‌లో టైం కూడా ఉంది, చూడు."

బుల్లిబాబు మిషన్ తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ఏడూ ఇరవై. యాభై నాలుగు. ఇది మీ షుగరెంతో చెప్పింది మేష్టారూ. రత్నబాబు పక్కనున్నాడని చెప్పిందా?"

జనం నవ్వారు.

"అది నేను చెప్తున్నాగా."

"అదేగా చిక్కు."

సాంబయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఒరే వీరేంద్రా, ఈ బుల్లిబాబు నాకు అబద్ధం చెప్పాడనుకో. ఆంజనేయస్వామి దగ్గరికి లాక్కెళ్తా. అక్కడ వణుకుతాడు."

"నేనెందుకు వణుకుతా?" అన్నాడు బుల్లిబాబు.

"నువ్వుండవయ్యా. రత్నబాబు వాళ్లు ఒట్టు పెట్టరు. కానీ పాస్టరు గారి ముందు నిలబెడితే తల దించుకుంటాడు. వీళ్లందర్నీ ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలుసు. నిన్నెక్కడ పట్టుకోను?"

వీరేంద్ర మిషన్ వెనక్కి తీసుకున్నాడు. "నందిగామలో ఎవరూ పట్టుకోకుండానే చెప్పా గదా బావా."

"అప్పుడు జడ్జి నమ్మాడు. అది నాకు పనికొచ్చింది. మీ అన్న మీద చెప్పినోడివి, రేపు నా మీద చెప్పవని ఏంటి?"

"నువ్వు తప్పు చేస్తే చెప్తా."

"విన్నారుగా," అన్నాడు సాంబయ్య అందరి వైపూ చూసి.

పాస్టరు డేవిడ్‌రాజు అందుకున్నాడు. రత్నబాబు అబద్ధమాడే మనిషి కాదని తాను చెప్పగలనని, ఆ ఉదయం ఎక్కడున్నాడో మాత్రం చూడలేదు కాబట్టి చెప్పలేనని అన్నాడు. తర్వాత వీరేంద్ర వైపు తిరిగాడు.

"మీరు గుడికీ వెళ్లరు, మా దగ్గరకీ రారు. పోయాక ఎవరికి జవాబు చెప్తారు మేష్టారూ?"

"పోకముందే చెప్పాలండి."

"ఎవరికి?"

"ఇప్పుడైతే రత్నబాబుకి."



ఆ ఊళ్లో ఇలాంటి తగవులు పోలీసు స్టేషన్‌కు పోవు. ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద కర్పూరం వెలిగించి, మాట చెప్పి, మంటను అరచేత్తో ఆర్పుతారు. క్రైస్తవులు ఒట్టు పెట్టరు కాబట్టి వాళ్ల తరఫున సాక్షి ఆర్పుతాడు. దాన్ని సాక్షి కర్పూరం అంటారు. ఈ ఏర్పాటును రెండు వైపులా ఎవరూ ఇంతవరకు కాదనలేదు.

"మంగళవారం మేష్టారు సాక్షి కర్పూరం ఆర్పాలి," అన్నాడు బుల్లిబాబు. వెంటనే తనకే అనుమానం వచ్చింది. "ఆయన కర్పూరం వెలిగిస్తే నేను బీడీ వెలిగించినట్టే గదా సాంబయ్యా?"

"వెలిగించనీ," అన్నాడు సాంబయ్య. "నేను చూస్తా."

చేస్తానని గాని చేయనని గాని చెప్పకుండా వీరేంద్ర లేచి వెళ్లిపోయాడు.

సోమవారం ఉదయం రత్నబాబు భార్య జయమణి అతని ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీకు దేవుడు లేడు గదండీ మేష్టారూ."

"లేడనే అనుకుంటున్నా అమ్మా."

"అయితే ఒట్టు మీకు ఉత్త మాటే గదా. ఆ ఉత్త మాటేదో మా కోసం అనండి."

వీరేంద్ర కుర్చీ తెచ్చి గుమ్మం దగ్గర వేశాడు.

"మా ఆయన మీ దగ్గరున్నది నిజమేగా? మరి అబద్ధం ఎక్కడుంది ఇందులో?"

"ఒట్టులో రెండు మాటలుంటాయి. మొదటిది నిజమే. అబద్ధమైతే స్వామి చూసుకుంటాడన్నది రెండోది. నేను నమ్మనిది నమ్ముతున్నట్టు చెప్పాలి."

"ఆదివారం ఆరాధన మానేసి మా ఆయన మీ దగ్గర కూర్చున్నాడు. పాస్టరు గారు ఏమన్నా అనుకుంటారని కూడా చూళ్లేదు. మీరు ఒక్క ముక్క అనలేరా?"

మధ్యాహ్నం వీరేంద్ర బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాడు. షుగర్ మాత్రలు కొన్నాడు. పక్క కొట్లో కర్పూరం ప్యాకెట్ కొన్నాడు. అతను కర్పూరం కొనడం అదే మొదటిసారి. ఏది ఇవ్వాలని కొట్టతను అడిగితే, వెలిగేది ఇమ్మన్నాడు.

మంగళవారం ఎనిమిది గంటలకు గుడి మెట్ల దగ్గర ముప్పై మంది దాకా ఉన్నారు. రత్నబాబు, జయమణి వేపచెట్టు పక్కన నిలబడ్డారు. వీరేంద్ర చెప్పులు విడిచి మెట్టు మీద తమలపాకు పెట్టాడు. దాని మీద కర్పూరం బిళ్ల ఉంచి వెలిగించాడు.

"నేను చెప్పేది చెప్పండి," అన్నాడు బుల్లిబాబు. "ఆదివారం ఏడుంబావు నుంచి పదకొండు దాటేదాకా రత్నబాబు నా దగ్గరే ఉన్నాడు."

"ఆదివారం ఏడుంబావు నుంచి పదకొండు దాటేదాకా రత్నబాబు నా దగ్గరే ఉన్నాడు."

"ఇది అబద్ధమైతే ఈ స్వామి నన్ను చూసుకుంటాడు."

వీరేంద్ర నోరు తెరిచాడు. మాట రాలేదు. అరచెయ్యి మంటకు జానెడు ఎత్తున ఆగింది.

"ఇది అబద్ధమైతే..." అని బుల్లిబాబు అందించాడు.

వీరేంద్ర మంట వైపే చూస్తున్నాడు. కర్పూరం కాలి కాలి దానంతట అదే ఆరిపోయింది. తమలపాకు మధ్యలో నల్లబడింది.

"మొదటిది నిజం," అన్నాడు వీరేంద్ర. "రెండోది నేను అనలేను."

జయమణి చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది.

"చూశారా, ఆగిపోయాడు," అన్నాడు బుల్లిబాబు. "అబద్ధం కాబట్టే ఆగాడు. దేవుడు లేడన్నవాడికి కూడా నోరు రాలేదు." వెనక ఇద్దరు ముగ్గురు అవునన్నారు.

రత్నబాబు ముందుకు వచ్చాడు.

"సాంబయ్య గారూ, అబద్ధం చెప్పే మనిషైతే ఆ రెండో ముక్క ఇప్పుడే చెప్పేసేవాడండి. ఆయనకి ఏం అడ్డం? ఆయన్ని వదిలేయండి. నేను మొక్కజొన్న కోసుకుని చేను ఇచ్చేస్తా."

సాంబయ్య అతన్ని దాటుకుని నడిచాడు. మెట్టు దగ్గరికి వెళ్లి వీరేంద్ర కుడిచెయ్యి పట్టుకుని చూశాడు.

"చెయ్యెందుకు వణుకుతుంది? షుగర్ పడిందా?"

"లేదు బావా. పొద్దున చూసుకున్నా. నూట ముప్పై."

"మరి?"

"తెలీదు. అనేద్దామనే వచ్చా."

సాంబయ్య ఆ చేతిని ఇంకాసేపు పట్టుకుని వదిలేశాడు. రత్నబాబు వైపు తిరిగాడు.

"కోత అవగానే దుక్కి దున్నించు. పోయినేడు లేటు చేశావు."

అది వినగానే జయమణి లేచి నిలబడింది. బుల్లిబాబుకు మాత్రం అర్థం కాలేదు. "అదేంటి సాంబయ్యా, ఒట్టు పూర్తి కాలేదు గదా?"

"వణికాడు," అన్నాడు సాంబయ్య. "నాకు చాలు."

"దేనికి వణికాడో తెలియాలి గదా."

"నువ్వు దేనికి వణుకుతావో నాకు తెలుసా?"

గట్టు కొట్టింది ఎవరో తేలలేదు. ఊళ్లో కొందరు ఇప్పటికీ రత్నబాబే అంటారు, మేష్టారి నోరు ఆగిపోవడమే దానికి రుజువంటారు. వీరేంద్ర మిగిలిన కర్పూరం ప్యాకెట్ తీసుకెళ్లి అక్కకు ఇచ్చాడు. ఆమె దాన్ని పూజ అరలో పెట్టింది. ఎందుకు ఆగావని తమ్ముణ్ణి ఆమె అడగలేదు. ఆ ప్రశ్న అతను తనకు తానే చాలాసార్లు వేసుకున్నాడు. అబద్ధం చెప్పలేక ఆగాడో, ఇన్నేళ్ల పంతం అడ్డొచ్చి ఆగాడో అతనికి తేలలేదు. పంతమే అయితే దాని కోసం ఒక మనిషి చేను పోయి ఉండేది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఇంకో పని పెట్టుకునేవాడు.

డిసెంబరులో సాంబయ్య, రత్తమ్మ మైలవరంలో పెళ్లికి బయల్దేరారు. రెండు రోజుల ప్రయాణం. సాంబయ్య ఇంటికి తాళం వేసి, ఎప్పటిలాగే బుల్లిబాబుకు ఇచ్చాడు. తర్వాత ఆటోను వీరేంద్ర ఇంటి ముందు ఆపించాడు. దిగి వెళ్లి, చేలో మోటారు షెడ్డు తాళంచెవి అతని చేతిలో పెట్టి వచ్చాడు.

"ఇంటిది కూడా వాడికే ఇవ్వచ్చుగా," అంది రత్తమ్మ ఆటో కదిలాక.

"ముందు షెడ్డు చూద్దాం," అన్నాడు సాంబయ్య.