బాగుచెయ్యమని పంపిన తుపాకీ

పెట్టె మూత తియ్యగానే ఆర్లీన్ కోవాచ్ ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"ఇది నాది కాదు," అంది.

పెట్టె మీద పేరు ఆమెదే, చిరునామా ఆమెదే. లోపల మెత్తటి నురుగు దిండులో పడుకుని ఉన్న రైఫిలు మాత్రం సరికొత్తది. దాని చెక్క అసలు చెక్కే కాదు, నల్లటి ప్లాస్టిక్కు. గొట్టం మీద "టాల్కట్" అని తళతళలాడే అక్షరాలున్నాయి. క్లబ్బు బల్ల చుట్టూ మూగిన ముగ్గురు మగవాళ్లూ ఆ అక్షరాల్ని చూశారు, తరవాత ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లలో డెనీ అనేవాడి చేతిలో బీట్‌రూట్ రసంలో ఊరిన గుడ్డు సగం కొరికినది అలాగే ఉండిపోయింది.

"ఎవరిదో మార్చి పంపుంటారు. ఒక్క ఫోను కొడితే తేలిపోతుంది," అన్నాడు మెర్ల్ స్టౌఫర్.

అన్నాడే గానీ ఆర్లీన్ వైపు చూడలేకపోయాడు. ఆ తుపాకీని కంపెనీకి పంపమని ఆర్లీన్‌ను పోరుపెట్టి ఒప్పించింది అతనే.

పెన్సిల్వేనియా కొండల్లో శనివారం పూట రైఫిల్ క్లబ్బుకు వచ్చే మగవాళ్లకి కాల్చడం ఒక వంక మాత్రమే. అసలు పని మాట్లాడటం. ఒక మర ఎడమకి తిప్పాలా కుడికి తిప్పాలా అన్నదాని మీద మధ్యాహ్నందాకా కొట్టుకోగలరు. అలాంటి వాళ్లకి టాల్కట్ కంపెనీ మళ్లీ చేతులు మారిందన్న కబురు అందితే ఇక అడగాలా? సెప్టెంబరంతా అదే రభస. మొదట ఆ కుటుంబమే నడుపుకుంది. తరవాత గడ్డి కోసే యంత్రాలు చేసేవాళ్లు కొన్నారు. వాళ్ల నుంచి న్యూయార్క్ సూటుబాబుల చేతికి వెళ్లింది. వాళ్లు దాన్ని పీల్చి పిప్పిచేసి దివాలా తీయించారు. ఇప్పుడు వేలంలో పేరూ, మరలూ, గోదాముల్లో ఉన్నదంతా ఎవరో పెట్టుబడిదారుల గుంపు గంపగుత్తగా ఎత్తుకుపోయింది.

"టాల్కట్‌కి ఇది నాలుగో మొగుడ్రా," అన్నాడు ఆ ముగ్గురిలో ఒకడైన చెట్, కబురు అందిన రోజు, కాఫీ ఊదుకుంటూ. "నాలుగో మొగుడికి మొదటి మొగుడి పిల్లల మీద ప్రేముంటుందంటావా?"

"నోరు ముయ్యి," అన్నాడు మెర్ల్. "పేరు కొన్నవాడు ఆ పేరిచ్చిన మాట కూడా కొన్నట్టే. టాల్కట్ చేసిన తుపాకీ ఎప్పుడు పాడైనా టాల్కట్టే బాగుచేస్తుంది. మా నాన్న కాలం నుంచీ అదే మాట."

"మాటంటే గుర్తొచ్చింది, నీ పెళ్లిలో చర్చి నిండా జనం ముందు నువ్విచ్చిన మాట ఏమైందిరా?"

అందరూ పగలబడి నవ్వారు. రెండు పెళ్లిళ్లు పెటాకులైన మెర్ల్ కూడా నవ్వాడు. అతను ఆడవాళ్లతో ఎలా ఉన్నా టాల్కట్‌తో మాత్రం ఏకపత్నీవ్రతుడు. వేరే కంపెనీ తుపాకీని ఇంట్లోకి రానిచ్చిన మనిషి కాడు.

అప్పుడే ఆర్లీన్ తన తుపాకీ తెచ్చి చూపించింది. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట వదులైపోయి నిలవడం లేదు. పక్క ఊళ్లో బౌమన్ అని తుపాకులు బాగుచేసేవాడున్నాడు, అతనికివ్వమన్నాడు చెట్. మెర్ల్ ఊరుకోలేదు. గస్ బతికుంటే కంపెనీకే పంపేవాడనీ, పుట్టించినవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందనీ వాదించాడు. గస్ పేరెత్తేసరికి ఆర్లీన్ మెత్తబడింది. ఆ సంగతి మెర్ల్‌కు తెలుసు. తెలిసే ఎత్తాడు.

గస్ ఆమె మొగుడు, మెర్ల్‌కు చిన్నప్పటి నేస్తం. ఆర్లీన్ పొట్టి మనిషి, చేతులు మరీ పొట్టి. మగవాళ్ల కొలతకి చేసిన తుపాకీ ఆమె భుజానికి ఎప్పుడూ కుదిరేది కాదు. గస్ తన రైఫిలు మడమను, అంటే భుజానికి ఆనే చివరను, ఆమె కోసం కోసి పొట్టి చేశాడు. చెంప ఆనేచోట చిత్రిక పట్టడం, ఆమె చెంప పెట్టి చూడటం, మళ్లీ పట్టడం, ఇలా ఒక చలికాలమంతా వంటింటి బల్ల మీదే చేశాడు. ఆమె వంట చేస్తుంటే అతని చెక్కపొడి సూపులో పడేది, ఇద్దరూ తిట్టుకునేవాళ్లు. గుండె ఆగి గస్ పోయి రెండేళ్లయింది. ఆమె శనివారాలు క్లబ్బుకి వచ్చి ఆ చెక్కకి చెంప ఆనించి కాగితం మీద గుండ్రాలకి గురిపెట్టేది. ఆ కాసేపూ ఎవరూ ఆమెను పలకరించేవాళ్లు కాదు.

ఆర్లీన్ ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా నొక్కింది. చాలాసేపు సంగీతం మోగాక ఒక అమ్మాయి హుషారుగా పలికింది.

"శుభవార్త మేడమ్! మీ పాత మోడల్ బదులు కొత్తది ఉచితంగా పంపించాం. అందిందా?"

"అందింది. నా పాతదెక్కడుంది?"

"దాన్ని రిటైర్ చేశాం మేడమ్."

"రిటైరంటే? ఎక్కడ కూర్చోబెట్టారమ్మా దాన్ని?"

"అంటే... ముక్కలు చేసేస్తారు మేడమ్. వాటి విడిభాగాలు ఇప్పుడు తయారు కావడం లేదు. బాగుచేసే పనివాళ్లు కూడా లేరు. అందుకే కొత్తది ఇచ్చేస్తున్నాం. మీరు పంపిన కాగితంలో ఇది ఉంది మేడమ్, చివర్లో."

ఆ కాగితం నింపింది మెర్లే. ఇలాంటివి నాకు కొట్టినపిండి అని గొప్పలు పోయి, సంతకం ఎక్కడ పెట్టాలో ఆర్లీన్‌కు వేలు పెట్టి చూపించాడు. చివరిదాకా చదివిన పాపాన పోలేదు.

"ఇనుము పోతే పోయింది," అంది ఆర్లీన్. గొంతు వింతగా నెమ్మదిగా ఉంది. "చెక్క? చట్టానికి ఆ ఇనుమే తుపాకీ, చెక్క ఉత్త చెక్కే కదా. అదైనా ఇప్పించమ్మా."

"చెక్క గురించి నా స్క్రీన్ మీద ఏమీ కనపడటం లేదు మేడమ్. కొత్తదాని విషయంలో ఇంకేమైనా సాయం కావాలా?"

ఆర్లీన్ ఫోను తిప్పి బోర్లా పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. మెర్ల్‌ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని అతనికి ప్రాణం కొట్టుకుపోయింది. ఎప్పుడూ నోరు మూతపడని చెట్ కూడా, నేను ముందే చెప్పాను కదా అని అనలేదు.

"ఒహాయోలో ఉందట గోదాము. సోమవారం నేను తీసుకెళ్తాను," అన్నాడు మెర్ల్.

"పద," అంది ఆమె. అంతే.

సోమవారం తెల్లారాక బయల్దేరారు. దారి పొడుగునా మెర్ల్ క్షమాపణ మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు. ఏ మాటా నోటి దాకా రాలేదు. ఒకచోట ఆగి శాండ్విచ్‌లు కొన్నాడు. ఆమె కాగితం విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది.

మెర్ల్ మనసులో టాల్కట్ అంటే ఎర్రటి ఇటుక కట్టడం, గడియారం గోపురం. చిన్నప్పుడు నాన్న వెంట వెళ్లి చూశాడు. ఇప్పుడు కళ్లెదుట ఉన్నది రేకుల షెడ్డు. ఒక పక్క పరుపుల కొట్టు, ఇంకో పక్క కుక్కల తిండి గోదాము. ముందు తలుపు మీద పేరు కూడా లేదు. బెల్లు కొట్టినా ఎవరూ రాకపోతే వెనక్కి నడిచారు. అక్కడ సరుకు దించే అరుగు మీద ఒక మనిషి సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండి ఆపి సిగరెట్టు కాలుస్తున్నాడు.

మెర్ల్ సంగతి చెప్పాడు. ఆ మనిషి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఇనుము రంపంతో కోసేస్తార్ సార్, కరిగించేవాళ్లు పట్టుకుపోతారు. చెక్కలు అదిగో, అందులో," అని ఆవరణ చివర తెరిచి ఉన్న పెద్ద ఇనప తొట్టి చూపించాడు. "మధ్యాహ్నం లారీ వస్తుంది. పొట్టు చేసి పొయ్యిల్లోకి అమ్ముతారంట. కావాలంటే తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. మా బావమరిది చలికాలం కట్టెలకి పట్టుకెళ్తుంటాడు. బాగా మండుతాయి."

మెర్ల్ తొట్టి దగ్గరకి వెళ్లి లోపలికి తొంగిచూశాడు.

తొట్టి నిండా తుపాకీ చెక్కలే, అంచు దాకా. వాల్‌నట్, మేపుల్, నూనె పట్టి పట్టి నల్లబడ్డవి, అరచేతుల ఒరిపిడికి గీతలు అరిగిపోయినవి. కొన్నిటికి తోలు పట్టీలు ఇంకా వేలాడుతున్నాయి. ఒకదాని మీద ఎవరో పిల్లలు మేకుతో గీసిన జింక ఉంది. రాత్రి కురిసిన వాననీళ్లు వాటి మధ్య నిలిచి ఉన్నాయి. మెర్ల్ ఇరవయ్యేళ్లు అగ్నిమాపక దళంలో పనిచేశాడు, కాలిన ఇళ్లు చూశాడు. ఇంత దిగ్భ్రమ అతనికి ఎప్పుడూ కలగలేదు. ఇళ్లని నిప్పు తినేసింది. వీటినైతే వాటి యజమానులే జాగ్రత్తగా చుట్టి, పెట్టెలో పెట్టి, బాగుచేసి పంపండని మర్యాదగా రాసి మరీ పంపారు.

"దొంగ నా కొడుకులు," అన్నాడు.

ఆర్లీన్ అప్పటికే అంచు పట్టుకుని లోపలికి దిగింది. ఒక చెక్క తీసింది. కళ్లు మూసుకుని భుజానికి ఆనించి, తల వంచి చెంప పెట్టింది. పొడుగు. పక్కన పడేసి ఇంకోటి తీసింది. అదీ పొడుగే. అలా ఒకటి, ఇంకోటి. గొట్టం లేని, ట్రిగ్గర్ లేని చెక్కముక్కని ఎత్తి గురిపెట్టే ఆ మనిషిని ఫోర్క్‌లిఫ్టు అతను సిగరెట్టు మర్చిపోయి చూస్తున్నాడు.

మెర్ల్ కూడా దిగాడు. చెంప ఆనించి ఆ చెక్కని గుర్తుపట్టడం అతనికి తెలియదు, ఇంకో దారి తెలుసు. ఆ కొండల్లో తుపాకీ ఉన్నవాళ్లు మడమకి బిగించిన రేకు విప్పి, లోపలి తొర్రలో పేరూ ఫోను నంబరూ రాసిన చీటీ పెట్టుకుంటారు. దొంగలు ఎత్తుకెళితే రుజువు ఉండాలని. గస్ కూడా పెట్టే ఉంటాడు. జేబులో స్క్రూడ్రైవరు లేకుండా మెర్ల్ ఎక్కడికీ వెళ్లడు. ఒక్కొక్కటే విప్పసాగాడు.

చాలావాటిలో ఏమీ లేదు. ఒకదాంట్లో చీటీ తగిలింది. విప్పితే గస్ చేతిరాత కాదు. "వెండెల్ నిస్లీది, నా తరవాత మనవరాలు టెస్సాది" అని ఉంది, కింద ఫోను నంబరు. ఇంకోదాంట్లో ఒక సైనికుడి ఫోటో, వెనకాల పేరు. ఇంకోదాంట్లో ఎవరో ఆడమనిషి చక్కటి అక్షరాలతో, "ఇది నా తమ్ముడిది, దయచేసి అమ్మొద్దు" అని రాసింది. వీళ్లందరికీ కూడా తనలాంటి పెద్దమనిషి ఒకడు, కంపెనీకే పంపు, వాళ్లకే తెలుస్తుంది అని చెప్పుంటాడు.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా వెతికారు. తొట్టి అడుగు తగిలింది. గస్ చెక్క లేదు.

"పోయిన వారం ఒక లోడు వెళ్లింది మేడమ్," అన్నాడు ఫోర్క్‌లిఫ్టు మనిషి, ఈసారి మెల్లగా. "అందులో పోయుంటుంది."

ఆర్లీన్ తలూపింది. చేతుల మీద నూనె మరకలు, చెంప మీద ఎర్రగా ఒరుసుకుపోయిన గుర్తు. తొట్టి అంచు మీద కూలబడి, శనివారం నుంచి రాని ఏడుపు అప్పుడు ఏడ్చింది. మొహం కూడా కప్పుకోలేదు. మెర్ల్ పక్కన నిలబడ్డాడు, భుజం మీద చెయ్యి వేసే ధైర్యం లేక.

"ఆర్లీన్, నా వల్లే..."

"నీ వల్లే," అంది ఆమె. ముక్కు తుడుచుకుంది. "చీటీలు దొరికినవి ఎక్కడ పెట్టావు?"

"అటు పక్కన పేర్చాను."

"అవన్నీ బండిలో ఎక్కించు. లారీ వచ్చేస్తుంది."

ఎక్కించారు. ఫోర్క్‌లిఫ్టు మనిషి కూడా అడక్కుండానే సాయం పట్టాడు. తోలు పట్టీలున్నవి, జింక గీసినది కూడా వెయ్యమంది ఆమె. వాళ్లు ఆవరణ దాటి పక్కనున్న పరుపుల కొట్టు ముందు బండి ఆపుకునేసరికి లారీ ఆవరణలోకి మళ్లింది. తొట్టిలో మిగిలినవన్నీ దాని వెనక గుభిల్లుమని పడ్డ చప్పుడు ఇద్దరూ విన్నారు.

ఆర్లీన్ ఒక చీటీ అతని ఒళ్లో పెట్టింది. వెండెల్ నిస్లీది.

"చెయ్యి."

"నేనా? ఏమని చెప్పను?"

"మనకి చెప్పినవాళ్లు లేరు. నువ్వు చెప్పు."

మెర్ల్ నంబరు నొక్కాడు. కాసేపటికి ఒక ముసలి గొంతు పలికింది. అవతల టీవీ మోత.

"నిస్లీ గారాండీ? మీరు నన్నెరగరు. మీ టాల్కట్ తుపాకీ గురించి..."

"హమ్మయ్య!" టీవీ మోత ఆగిపోయింది. "టాల్కట్ వాళ్లా బాబూ? ఎప్పుడు చేస్తారా అని చూస్తున్నాను. టెస్సా! ఇలా రావే, తుపాకీ వాళ్లు ఫోను చేశారు! దానికి మొదటి వేట ఈ ఏడు, రోజూ నా ప్రాణం తోడేస్తోంది. బాగైపోయిందా?"

మెర్ల్ నోరు తెరిచాడు. అవతల చిన్న పాదాలు పరిగెత్తుకొస్తున్న చప్పుడు వినిపించింది. ఆర్లీన్ అతన్నే చూస్తోంది.

"లేదండీ," అన్నాడు. "కోసేశారు. చెక్కొక్కటే ఉంది, నా బండిలో."

అవతల పరుగు ఆగింది.

"నువ్వెవడివో గానీ, ముసలాడితో ఇలాంటి ఎగతాళి బాగుండదు," అంది ఆ గొంతు. అందులో కోపం కంటే బెదురు ఎక్కువ వినపడింది. ఫోను పెట్టేశాడు.

మెర్ల్ ఫోను కిందికి దించాడు. కళ్లలో నీళ్లు తిరిగి అంకెలు అలుక్కుపోతున్నాయి.

"నమ్మలేదు," అన్నాడు.

"నువ్వు మాత్రం నమ్మేవాడివా?" అంది ఆర్లీన్. "మళ్లీ చెయ్యి."

అతను కళ్లు తుడుచుకుని మళ్లీ నంబరు నొక్కాడు.