మూడో తొట్టి

బీలియెన్ చిలగడదుంప ఆకు కడుగుతుంటే, మొగుడు వెన్‌చువాన్ వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు.

"చెయ్యి తుడుచుకుని నీ పేరు ముద్ర వెయ్యి. సాయంత్రంలోగా కాలుష్యం ఆఫీసులో ఇవ్వాలి."

కుళాయిలకు లోహప్పూత వేసే తమ కార్ఖానా మూసి ఇరవై రోజులైంది. వాడిన నీళ్లు పంటకాలవలోకి వదిలే అనుమతి రద్దు చేయించుకుంటేగానీ స్థలం అమ్ముడు కాదు. నీళ్లు శుద్ధి చేసే తొట్లు మూడూ ఖాళీ చేశాం, బురద పంపించేశాం అని ఉంది కాగితంలో. కింద, నీటిశుద్ధి బాధ్యురాలు అని ఆమె పేరు.

"మూడో దాంట్లో విషపు బురద అట్లాగే ఉంది కదండీ."

"పైన సిమెంటు పోయిస్తాలే. ఎవడు చూస్తాడు?"

ఆమె ఆకు మళ్లీ కడిగింది. భూమి కంపించని ఏడు లేదు ఈ ఊళ్లో. సిమెంటు ఎన్నాళ్లు ఆగుతుంది? కాలవ కింద వరి. తినేది ఆ బియ్యమే. ఇరవై రెండేళ్ల కిందట నీటిశుద్ధి పరీక్ష రాయమన్నది ఈయనే. 'ఇంట్లో మనిషుండగా జీతమిచ్చి ఇంకొకణ్ణి పెట్టడం దేనికి? నీళ్ల పని నీకు కొత్తా?' అన్నాడు. పిల్లను వీపున కట్టుకుని చదివింది. పాసైన రోజు అత్తగారు, 'ఇకనన్నా వంట వేళకవుతుందా?' అంది. అప్పట్నించీ తెల్లవారగానే తొట్టి పక్కన గొంతుక్కూచుని, నీళ్లలో పరీక్ష కాగితం ముంచి మారిన రంగు చూసి, పుస్తకంలో రాసి, అప్పుడొచ్చి జావ కాచేది. పనివాళ్లకు జీతాలుండేవి. ఆమెకు 'యజమాని భార్య' అనే పిలుపుండేది.

"దాన్ని బతిమాలేదేంట్రా?" అంటూ అత్తగారు బిస్కెట్ల డబ్బా తెచ్చింది. ఇంటిల్లిపాది ముద్రలూ అందులోనే. ఎవరికి రిజిస్టరు ఉత్తరం వచ్చినా సంతకం బదులు వాళ్ల ముద్ర ఆమే వేసేస్తుంది. బీలియెన్ పేరున్న చెక్కముద్ర తీసి ఎర్రసిరాలో అద్ది ఒక్క గుద్దు గుద్దింది. "అయిపోయింది. ఇంతదానికి ఆకు వాడేదాకా మాటలు!"

బీలియెన్ ఆకు తరగడానికి కూచుంది.

మూడింటికి వెన్‌చువాన్ తిరిగొచ్చి కాగితం విసిరేశాడు.

"ముద్ర కలవలేదట! దొంగను చూసినట్టు చూశారు. పరీక్ష పాసైనప్పుడు మీ నాన్న కొమ్ముతో ముద్ర చెక్కించాడే, ఆఫీసు రికార్డులో ఉన్నది దాని అచ్చు. ఎక్కడుందది?"

"నా దగ్గరే."

"ముందే చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"వేసేటప్పుడు నన్నెవరూ అడగలేదు."

"అమ్మకం పోతే ముసలితనంలో వాడికి అన్నం నువ్వు పెడతావా?" అంది అత్తగారు.

"ఇన్నాళ్లూ పెట్టిందెవరత్తయ్యా?"

వెన్‌చువాన్ గొంతు తగ్గించాడు. "బీలియెన్. ఒక్క ముద్ర. నాకోసం."

పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో. ఆమె చెయ్యి జేబులోకి పోయింది. కొమ్ముముద్ర చల్లగా తగిలింది.

రబ్బరు బూట్లు తొడుక్కుని బయటికెళ్లింది. కొలకర్ర మూడో తొట్టిలోకి దించి, పైకి తీసి చూసింది. లోపలికొచ్చి 'మూడూ ఖాళీ చేశాం, బురద పంపించేశాం' అన్న మాట కొట్టేసింది. పక్కన రాసింది: 'మూడో తొట్టిలో బురద, నూట పది సెంటీమీటర్లు.' కొట్టివేత మీద ముద్ర లేకపోతే ఆ ఆఫీసులో చెల్లదు.

నాన్న చెక్కించిన ముద్ర అక్కడా, కింద తన పేరు పక్కనా వేసి, సిరా ఆరేదాకా ఊదింది.

"స్కూటర్ తాళం ఇటివ్వండి. నేనే ఇచ్చొస్తాను."