చెయ్యి కాలనంత వరకూ

మోటార్లకు తీగ చుట్టే మేస్త్రి భార్య మహా నోరుగల మనిషి. ఆమె బేరానికి వస్తోందంటే కొట్టువాళ్లు పని ఉన్నట్టు లోపలికి తప్పుకునేవారు. అలాంటి మనిషికి కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు వచ్చింది. మూడేళ్లలో కాళ్లు, చేతులు, ఆఖరికి నాలుక కూడా పోయి కళ్లు మిగిలాయి. తెరమీద అక్షరాల వైపు ఆమె చూస్తే, కెమెరా ఆ చూపును కనిపెట్టి కంప్యూటరు చేత మాట పలికించేది. అది పాత కంప్యూటరు, నత్తనడక. ఆమె జోకు వేస్తే అది బయటికొచ్చేసరికి నవ్వాల్సినవాళ్లు చెప్పులేసుకుని వెళ్లిపోయేవారు.

మేస్త్రికి తల కొట్టేసినట్టుండేది. అంతా ఆమె కోసమే అనుకున్నాడు గానీ, నిజం చెప్పాలంటే ఆ ఎదురుచూపు భరించలేనిది అతనే.

ఆమె తమ్ముడికి కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. ప్రాసెసరు వేగం ఎలా పెంచాలో మేస్త్రి అతన్నే అడిగి తెలుసుకున్నాడు.

"కాస్త పెంచితే పరవాలేదు బావా. అంతకు మించి వేగం నిలవాలంటే వోల్టేజి పెంచాలి. దాని జోలికి మాత్రం పోకు."

పోకుండా ఉంటాడా? ముప్ఫై ఏళ్లుగా అతను నమ్మింది ఒక్కటే: మోటారు మీద చెయ్యి ఆనించగలిగితే లోపల తీగ క్షేమంగా ఉన్నట్టే. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే కంప్యూటరు మూత విప్పి, రెండు పెద్ద ఫ్యాన్లు బిగించి, వేగంతో పాటు వోల్టేజి ఒక మెట్టు పెంచాడు. చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఇంకో మెట్టు పెంచాడు.

"ఏంటండీ ఆ మోత?" అని లేవగానే ఆమె అడిగింది.

"దుమ్ము దులిపానులే."

ఆ తర్వాత రెండు నెలలు ఇంట్లో మళ్లీ పోట్లాటలే. "ఆ చొక్కాతో బయటికెళ్తే నేను ఎప్పుడో పోయాననుకుంటారు" అని ఆమె అంటే, అతను గుమ్మం దాటకముందే వినిపించేది. ఆ తిట్లకే మేస్త్రి కడుపు నిండిపోయేది.

మూడో నెలలో మాట మధ్యలో తెర బిగుసుకుపోయింది. అతను వోల్టేజి ఇంకాస్త పెంచాడు. వారం బాగుంది, మళ్లీ అదే వరస. ఇప్పుడు వేగం పిసరంత కూడా పెరగడం లేదు, ఉన్నది నిలబెట్టడానికే పెంచాల్సి వస్తోంది. భయం వేసింది. అయినా చెయ్యి పెడితే చల్లగానే ఉంది కదా. చివరికి పాత వేగానికి దించేశాడు. అక్కడా నిలవలేదు. ఒక ఉదయం అసలు ఆన్ కాలేదు.

బావమరిది వచ్చి విప్పి చూశాడు. అక్క మంచం పక్కనే నిలబడి చెప్పాడు. "వేడి ఒక్కటే కాదు బావా. వోల్టేజి ఎక్కువైతే లోపలి సన్నటి దారులు అరిగిపోతాయి. ఫ్యాన్లతో పైన చల్లబడుతుంది గానీ ఆ అరుగుదల ఆగదు. పాత వేగంలోనే ఉంచుంటే ఇంకా కొన్నేళ్లు పనిచేసేది."

కొత్తది తెచ్చాడు. పాత ప్రోగ్రాము దాంట్లో ఎక్కలేదు. కొత్త ప్రోగ్రాము ఆమె చూపును మొదటినుంచీ నేర్చుకోవాలి, అందుకు ఆమె తొమ్మిది చుక్కల్ని ఒక్కొక్కటిగా రెప్ప వెయ్యకుండా చూడాలి. పాతది నేర్చుకున్ననాడు ఆ కళ్లలో బలముండేది. ఇప్పుడు రెండో చుక్క దగ్గరే చూపు జారిపోతోంది. నాలుగు రోజులు ప్రయత్నించి, తమ్ముడు గోడవైపు తిరిగి ఏడ్చాడు.

ఇక మిగిలింది అట్టమీద రాసిన అక్షరాలు. మేస్త్రి వాటి మీద వేలు జరుపుతూ పోవాలి, కావాల్సిన చోట ఆమె రెప్ప వాల్చాలి. మొదటి మాట పూర్తయ్యేసరికి గంటన్నర పట్టింది.

నన్నడిగారా.

"అడగలేదు" అన్నాడు మేస్త్రి.

దానికి ఆమె ఏమంటుందోనని వేలు మళ్లీ మొదటి అక్షరం మీద పెట్టాడు. చివరి అక్షరం దాకా జరిపాడు. ఆమె రెప్ప ఎక్కడా వాల్చలేదు. అతన్నే చూస్తూ ఉంది.