టేపు కొస పట్టే మనిషి

ఆశీర్వాదం ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి సందులోకి దూరాడు. ఒకవైపు సూర్యావతి ఇంటి గోడ, మరోవైపు కాశీవిశ్వనాథరాజు గారు కడుతున్న అపార్టుమెంటు గోడ. మధ్యలో జానెడు మీద నాలుగు వేళ్లు. సూర్యావతి ప్లీడరు సత్యప్రసాద్ గారిది ఇళ్లూ స్థలాల తగాదాల ప్రాక్టీసు. తణుకు చుట్టుపక్కల ఎక్కడ కొలత పడ్డా, ముప్ఫయ్యొక్కేళ్లుగా టేపు కొస పట్టుకుని ఇరుకులోకి వెళ్లేది ఆయన గుమాస్తా ఆశీర్వాదమే. ఎంత పెట్టినా ఒళ్లు చేయడేమని భార్య దెప్పే ఆ బక్క ప్రాణమే ఈ ఉద్యోగానికి అసలు అర్హత.

దస్తావేజు ప్రకారం రోడ్డు నుంచి నలభై అడుగులు సూర్యావతివి. ఆమె వంటగది వెనక తన స్థలంలోకి అడుగు మేర వచ్చిందని, కొట్టేయించాలని రాజు గారి దావా. కొలత నలభై దాటితే వంటగది పోతుంది. కొలిచి రమ్మని కోర్టు హేమశ్రీ అనే కుర్ర లాయరును కమిషనరుగా పంపింది.

సందు చివర వంటగది మూలకు చేరేసరికి ఆశీర్వాదానికి ఎడమ చెయ్యి లాగింది. టేపు కొసన కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. అందుకని ఒకటో అడుగు గీతను మూలకు ఆనించి పట్టడం, అటువైపు వచ్చిన లెక్కలో ఒకటి తీసేయడం అలవాటు. ఆ సంగతి పట్టేటప్పుడే కేకేసి చెప్పాలి. ఇన్నేళ్లలో మొదటిసారి మరిచిపోయాడు.

బయటికి వచ్చేసరికి హేమశ్రీ నలభై ఒకటని రాసేసింది. సూర్యావతి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఒకటి తియ్యాలండి," అన్నాడు ఆయాసపడుతూ. "ఒకటో గీత దగ్గర పట్టానండి. చెప్పడం మర్చిపోయాను."

"మీరు ఆవిడ తరఫు మనిషి కదండి. లోపల ఎక్కడ పట్టారో నేను చూడలేదు. ఎలా దిద్దమంటారు?"

ప్లీడరు గారు అడుగు ముందుకు వేసి ఆగిపోయారు. నోరు మెదిపితే తనే నేర్పాడంటారు. మళ్లీ కొలిచినా ఆ సందులో చూసేవాళ్లు లేరు. అయినా ఆశీర్వాదం అటే తిరిగాడు.

"ఆగవయ్యా," అన్నారు రాజు గారు. "దిద్దేయండమ్మా. మా నాన్నగారి చెరువుగట్టు కేసులో కూడా ఈయన అవతలి ప్లీడరు మనిషేనండి. వాళ్ల పార్టీకి నష్టమైనా ఉన్న కొలతే చెప్పాడు. మాకు గట్టు దక్కింది."

"మరి మీ దావా పోతుందండి."

"పోతే పోయింది. ఈయన తియ్యాలన్నాడంటే తియ్యాలి."

ఆశీర్వాదానికి కళ్లనీళ్లపర్యంతమైంది. దిద్దిన అంకె పక్కన సంతకం పెట్టమంటే జేబు తడుముకుని, పెన్ను కనిపించక, హేమశ్రీది అడిగి పెట్టాడు. అరుగు మీద కూర్చుని గోడకు చేరగిలబడ్డాడు. సూర్యావతి అదే వంటగదిలోంచి మజ్జిగ తెచ్చి రెండుసార్లు పిలిచింది. గ్లాసు అందుకోలేదు. భుజం తడితే తల పక్కకు ఒరిగిపోయింది.

అపార్టుమెంటు పూర్తయింది. వంటగది ఎక్కడిదక్కడే ఉంది. సూర్యావతి సందులోకి టార్చి వేసి చూస్తే చివర మూలలో, ఇటుకపొడి మీద, ఎవరి చెయ్యీ అందనిచోట నీలం మూత పెన్ను కనిపిస్తుంది.