బ్యాక్టీరియాలో బంతి

నేను అక్షరాలు నేర్చింది జుట్టు నెరిశాక. ఎక్కడైనా ఒత్తు తప్పితే మన్నించండి. కథ నెమ్మదిగా నడిస్తే, ఈ చెయ్యి వేగం అంతే అనుకోండి.

మా కోడలు ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్పేది. టెంపరరీ ఉద్యోగం. తనిఖీ అధికారి ముందు ఒక పాఠం చెప్పి మెప్పిస్తే పర్మనెంటు చేస్తామన్నారు. మా అబ్బాయి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడటంతో ఇల్లంతా ఆ పాఠం మీదే ఆశ పెట్టుకుంది.

పాఠం కణాల గురించి. పరుపులు, దిండ్లు కుట్టేదాన్ని గనుక నమూనాలు నన్నే కుట్టమంది. ఒకటి పొడుగాటి దిండు, బ్యాక్టీరియా. జిప్పు తీస్తే లోపల ఎర్ర ఊలుదారం (అది డీఎన్ఏ అట) చుట్టలు చుట్టలుగా ఊరికే పడుంటుంది. రెండోది గుండ్రటి దిండు, మన ఒంట్లో ఉండేలాంటి కణం. ఇందులో అదే దారం చిన్న సంచిలో భద్రంగా ఉంటుంది. ఆ సంచే కేంద్రకం.

"సంచి ఉంటే నిజకేంద్రకం, లేకపోతే కేంద్రకపూర్వం. ఇది అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే అత్తయ్యా" అంది కోడలు.

తనిఖీ రోజు పొద్దున దిండ్లు నేనే మోసుకెళ్లాను. కోడలు పిల్లలతో ప్రార్థనలో ఉంది. ప్రిన్సిపాలుగారు రెండు జిప్పులూ తీసి చూసి ముఖం చిట్లించారు.

"పొడుగుదాంట్లో సంచి ఏదమ్మా?"

"దానికి ఉండదటండీ."

"ఉండదంటే ఎలా? పోయినసారి ఒక గదిలో ఫ్యాను లేదని ఆ పెద్దమనిషి నన్ను ఉతికి ఆరేశాడు. ఈసారి నా బడిలో 'లేదు' అనే మాటే వినబడకూడదు."

ఆటల గదిలోంచి ఎర్ర రబ్బరు బంతి తెప్పించి, దిండు నడిమధ్యలో బంక పెట్టి అతికించేశారు. నేను కోడలి చెవిన వేసేలోపే అధికారి తరగతిలోకి వచ్చేశారు. పిల్లలు పలచగా కనిపిస్తున్నారని నన్నూ చివరి బెంచీలో కూర్చోబెట్టారు.

పక్కనున్న పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "మామ్మా, మీరు ఎన్నిసార్లు ఫెయిలయ్యారు?" అని గుసగుసగా అడిగింది.

కోడలు పాఠం బ్రహ్మాండంగా చెప్పింది. కణత్వచం, రైబోజోములు రెండింటికీ ఉంటాయంది. మైటోకాండ్రియా గుండ్రటిదానికే అంది. "మరి దీనికి కేంద్రకం ఉందా?" అంటూ పొడుగు దిండు జిప్పు లాగింది.

"లేదు టీచర్!" పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు.

నిగనిగలాడుతూ బంతి బయటికి తొంగిచూసింది.

"కళ్లెదురుగా ఉన్నదాన్ని లేదంటారేమిటి?" అన్నారు అధికారి.

వెనకనుంచి ప్రిన్సిపాలుగారు కళ్లతోనే బతిమాలుతున్నారు. కోడలి ముఖం పాలిపోయింది. "ఉందండీ" అని ఒక్క మాట అంటే గట్టెక్కుతుంది.

"దీనికి ఉండదండీ. ఎవరో తెచ్చి పెట్టారు" అని బంతి పట్టుకుని గట్టిగా లాగింది. బంక మంచిది. బంతితోపాటు దారం, దూది, నేను కుట్టిన దిండు గోడ కూడా ఊడొచ్చి అధికారి కోటు మీద పడ్డాయి.

"సార్‌కి బ్యాక్టీరియా అంటుకుంది రోయ్!" అన్నాడెవడో.

కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. "బ్యాక్టీరియాలో కేంద్రకము కొరతగా ఉన్నది. యాజమాన్యము వెంటనే సమకూర్చవలెను."

ప్రిన్సిపాలుగారు కోడలిని పిలిచి, "సమకూర్చామని సంతకం పెట్టమ్మా, సాయంత్రానికల్లా పర్మనెంటు ఆర్డరు చేతికిస్తాను. బ్యాక్టీరియాలు వచ్చి మనల్ని నిలదీస్తాయా?" అన్నారు.

"అవి రావు సార్. పిల్లలు రోజూ వస్తారు" అని కోడలు బ్యాగు తీసుకుని ఇంటికొచ్చేసింది.

మా అబ్బాయి రెండు పూటలు అలిగాడు. "ఒక్క గీత గీస్తే నీ సొమ్మేం పోయేదే?" అన్నాడు. కోడలు వేరే వీధిలో ట్యూషన్లు మొదలుపెట్టింది. వచ్చే డబ్బు బడి జీతం కంటే తక్కువ.

ఆ బడిలో ఇప్పుడు అద్దాల బీరువాలో ప్లాస్టిక్ బ్యాక్టీరియా ఉందట. దాని కడుపులో రెండు కేంద్రకాలు. ఒకటి పాడైతే ఇంకోటి పనికొస్తుందని ముందుజాగ్రత్తగా పెట్టించారట.

ఇట్లు,
అందరూ దిండ్లమ్మ అని పిలిచే నేను. వయసు అరవై ఆరు. ఇప్పుడు ఉంటున్నది ట్యూషన్ నడిచే ఇంటి మేడమీది వాటాలో, కొడుకూ కోడలి దగ్గర.